పైరాయి రాహేలమ్మ

కోయిలకుంట్ల తాలూకాలో, కుందేటికి కొంత ఎడంగా ఉన్న ఒక నల్లరేగడి పల్లెలో, రాహేలమ్మ పేరుకు ముందు ‘పైరాయి’ అన్న మాట చేర్చకుండా ఎవరూ ఆమెను గురించి చెప్పేవారు కాదు. ఆ పేరు గౌరవంగా వచ్చింది కాదు. అలాగని ఆమె దానిని ఎన్నడూ కాదనలేదు. ఆమె ఘనకార్యాలు చేసిన మనిషి కాదు. సాటివాళ్లకంటె మంచిదని చెప్పడానికి కూడా ఆధారాలు తక్కువ. అయితే అసూయ ఒక మనిషి చేత ఏమేమి చేయించగలదో, ఎంత దూరం నడిపించగలదో ఆమె బ్రతుకులో కనిపించినంత తేటగా కనిపించడం అరుదు.

మొదటి యుద్ధం ముగిసిన ఏడాది ఆమె ఏసన్నకు భార్యగా ఆ ఊరు వచ్చింది. ఏసన్నది తాతలనాటి నుంచి క్రైస్తవులుగా ఉన్న చిన్న రైతు కుటుంబం. కొద్దిపాటి మెట్టపొలం, ఒక జత ఎద్దులు, తల్లి గిడ్డమ్మ, ఇంకా పెండ్లి కాని తమ్ముడు గాబ్రియేలు. తిండి అంటే జొన్న. జొన్న తరిగిపోతే కొర్ర. రెండూ లేని నాడు తిండి ప్రసక్తి ఎవరూ తెచ్చేవారు కాదు. వరిబువ్వ క్రిస్మసుకు, పెండ్లిండ్లకు. బంధువు వస్తే వరిబువ్వ పెట్టలేకపోయామని తల వంచుకునే ఇండ్లు ఆ ఊళ్లో చాలా ఉండేవి. గిడ్డమ్మ ఇంట్లో ఆ సిగ్గు లేదు. ఎవరు వచ్చినా జొన్నసంగటి ముద్ద, అందులోకి అలసందపప్పో, గోగాకు పుల్లగూరో, ఉలవచారో పెట్టేది. తిన్నవాళ్లు లేచేటప్పుడు ఇంకేమీ అడిగేవారు కాదు.

సంగటి చేయడం చూడటానికి సులభం. విసిరిన జొన్నను జల్లెడ పట్టి నూకను, పిండిని వేరు చేస్తారు. కుండలో ఎసరు తెర్లినప్పుడు ముందు నూక వేస్తారు. అది ఉడికిన తరువాత పిండిని కుప్పగా పోసి, నడుమ తెడ్డు కాడతో గుంత చేసి, మూత పెట్టి మగ్గనిస్తారు. ఆ మగ్గే సేపట్లో ఓపిక పట్టలేనివాళ్ల సంగటి ఉండలు కడుతుంది. మగ్గిన తరువాత కుండను దించి, కదలకుండా బిగబట్టి, తెడ్డుతో అడుగునుంచి కెలకాలి. ఇది బలం గల పని. గిడ్డమ్మ తన బలం తగ్గినప్పుడు తెడ్డును పెద్దకోడలి చేతికిచ్చింది. తుమ్మచేవతో చేసిన ఆ తెడ్డు ఇంట్లో వాడటానికి మించి పొడవుగా ఉండేది. ఎందుకంటే ఏడాదికొకసారి దానితో గుడి మొత్తానికి సంగటి చేసేవారు.

జొన్నకోత ముగిసిన తరువాత వచ్చే కోతపండుగ ఆ సంఘానికి పెద్ద పండుగ. ప్రతి ఇంటివాళ్లూ కొత్త పంటలో మొదటి గింజలు వారం ముందే గుడికి తెచ్చి అర్పించేవారు. పండుగనాడు ఆరాధన అయిన తరువాత ఆ గింజలతోనే చేసిన సంగటిని అందరూ ఒకే పందిట్లో కూర్చుని తినేవారు. గుడిజొన్నలను విసరడానికి ఒక కట్టుబాటు ఉండేది. వండే వంతు ఏ ఇంటిదో ఆ ఇంటి రాతిమీదే అవి పడాలి. తలా కొంత పంచుకుని విసిరితే ఒకరిది మెత్తన, మరొకరిది బరక అయి కుండలో ఒక్క తీరుగా ఉడకదని మొదట ఎవరో గ్రహించి ఉంటారు. తరువాతివాళ్లకు కారణం మరుగునపడి కట్టుబాటు మిగిలింది. వండే ఇల్లు గిడ్డమ్మది. వండే చెయ్యి చాలా ఏండ్లు రాహేలమ్మది. పందిట్లో ముద్దలు వడ్డించేటప్పుడు ఆడవాళ్లు ఆమె వైపు చూసే చూపు కోసం ఆమె ఏడాది పొడవునా కాచుకునేది. తక్కిన దినాల్లో ఆమెను చూడవలసిన అవసరం ఎవరికీ ఉండేది కాదు.

గాబ్రియేలుకు జమ్మలమడుగు వైపునుంచి ప్రేమమ్మను చేసుకున్నారు. బక్కపలచని పిల్ల, మాట తక్కువ. ఆమె వచ్చేనాటికి గిడ్డమ్మ కండ్లకు పొర కమ్మింది. విసురురాతి దగ్గర అత్త కూర్చునే చోట చిన్నకోడలు కూర్చుంది. ఎదురెదురుగా కూర్చుని, ఒకే పిడిని ఇద్దరూ పట్టి, మోకాళ్లు తగిలేంత దగ్గరగా తోడికోడళ్లు ఏండ్ల తరబడి విసిరారు. అసూయకు దూరపువాళ్లతో పని లేదు. దొరసాని గౌను మీద పల్లెటూరి ఆడది అసూయపడదు. ఎదుట కూర్చున్నదాని చేతిగాజు మీద పడుతుంది.

తన తల్లి జబ్బుపడిందని రాహేలమ్మ ఒకసారి పుట్టింటికి పోయి ఒక నెలకు పైగా ఉండవలసివచ్చింది. తిరిగి వచ్చిన నాడు ఎప్పటిలాగే సంగటి చేసి పెట్టింది. పండ్లు ఊడిన గిడ్డమ్మ రెండు కబళాలు మింగి, ప్రేమమ్మ చేసింది గొంతులోకి తానే జారిపోయేదని అన్నది. ముసలామె కోసం ప్రేమమ్మ ఒక చెంబు నీళ్లు ఎక్కువ పోసి ఉంటుంది. దానికి మించిన మర్మం అందులో ఉన్నట్టు తోచదు. గిడ్డమ్మ మాట రాహేలమ్మను పెద్దగా నొప్పించలేదు. ఆ మాట విని ఏసన్న తల ఎత్తకుండా తింటూ ఉండటం నొప్పించింది. కాదని ఒక్క మాట అని ఉంటే ఆ ఇల్లు రెండయ్యేది కాదేమో.

ఆ నాటినుంచి ఆమె చెవులు ఒక్క పేరు కోసమే పనిచేయడం మొదలుపెట్టాయి. ప్రేమమ్మ నవ్వితే తనను చూసి నవ్వినట్టు; నవ్వకపోతే లోపల నవ్వినట్టు. ప్రేమమ్మ నూకలో బియ్యపునూక కలుపుతున్నదని అనుమానం వచ్చి కుండలో చేయిపెట్టి చూసింది. జొన్న తప్ప ఏమీ దొరకలేదు. దొరకకపోవడం వల్ల అనుమానం తగ్గలేదు. ఇంకా లోతుగా దాచిందని నమ్మింది. చివరకు వేరుపడుదామని పట్టుబట్టింది. అన్నదమ్ములకు ఒకరిమీద ఒకరికి ఏ ఫిర్యాదూ లేకపోయినా పొలం పంచుకున్నారు, ఎద్దు ఒకటి చొప్పున పంచుకున్నారు. ముసలితల్లి పాత ఇంట్లోనే చిన్నకొడుకు దగ్గర ఉంటానన్నది; ఏసన్న, రాహేలమ్మ అదే ఊళ్లో వేరే ఇంటికి మారారు. మిగిలింది విసురురాయి.

గుడిపెద్దలు దానిని ఏదో ఒక ఇంట ఉంచి ఇద్దరూ వాడుకోండని చెప్పబోయారు. రాహేలమ్మ ఒప్పుకోలేదు. పాత పైరాయి పగిలినప్పుడు తన తండ్రి కొండరాయితో కొత్తది చేయించి బండిమీద పంపాడని, కాబట్టి పైరాయి తన పుట్టింటి సొత్తని వాదించింది. అది నిజమే. ఎవరూ అబద్ధమనలేకపోయారు. అరుగుమీద కూర్చుని వింటున్న గిడ్డమ్మ మాత్రం అడిగింది:

“మే రాహేలూ, పైరాయి నువ్వు తీసకపోతావు సరే. దేనిమీద తిప్పుతావు?”

“అది నా పాట్లు, అత్తా.”

అలా పైరాయి రాహేలమ్మ వాకిట్లో గోడకు చేరింది. కిందిరాయి ప్రేమమ్మ ఇంట్లో నేలలో పాతుకుని ఉన్నచోటనే ఉండిపోయింది. ఒకటి లేనిది రెండవది వట్టి బండ. ప్రేమమ్మ వచ్చి పైరాయిని అడుగుతుందని, అప్పుడు తాను ఏమి చెప్పాలో రాహేలమ్మ బాగా ఆలోచించిపెట్టుకున్నది. ప్రేమమ్మ రాలేదు. రోట్లో దంచుకుని, జల్లించి, మళ్లీ దంచుకుని పిండి చేసుకుంటున్నదని, కిందిరాతిమీద గిడ్డమ్మ వక్కాకు పెట్టుకుని నలుగగొట్టుకుంటున్నదని తెలిసింది. పైరాతిమీద ఏసన్న ఒకసారి కూర్చుని కాలి మట్టి దులుపుకోబోతే భార్య అతన్ని లేపింది. ఎండాకాలంలో రాళ్లకు గంట్లు కొట్టేవాళ్లు వస్తారు కదా, అప్పుడు ఒక కిందిరాయి చేయించుకుందామని అతను అన్నాడు. అందాకా ఆమె పక్కింటి ఉరుకుందమ్మ రాతిమీద, వాళ్లకు పని లేని వేళ చూసి, గబగబా విసురుకుని వచ్చేది.

ఆ పిండితో చేసిన సంగటి మునుపటిలా రాలేదు. పంటికింద గరగరలాడేది. ఉరుకుందమ్మ రాయి మంచిది కాదని రాహేలమ్మ నిందించింది. ఎసరు మార్చింది; కట్టెలు మార్చింది; తెడ్డు మాత్రం మార్చలేదు. ఏసన్న ఏమీ అనేవాడు కాదు. అతను అసలే అనే మనిషి కాదు. తల్లిని చూసి వస్తానని పొద్దుగూకకముందే తమ్ముడింటికి పోయేవాడు. వచ్చి ఆకలి లేదనేవాడు. ఒకనాడు అతను నీళ్లచెంబు అందుకున్నప్పుడు అతని వేళ్లనుంచి ఉలవచారు వాసన వచ్చింది. ఆ పూట తమ ఇంట్లో ఉలవచారు లేదు.

“శానా బాగుండెనా?” అని అడిగింది.

“ఏమే?”

“ఏమీ లేదులే. తాగు.”

భర్త ఇంకొక ఆడదాని మీద మనసు పెట్టాడని ఆమెకు అనుమానం కలగలేదు. అలా కలిగి ఉంటే ఆమె బాధ ఊరివాళ్లకు అర్థమయ్యేది. పంచాయితీలో చెప్పుకోవడానికి వీలయ్యేది. తాను చేసిన ముద్దను సగం వదిలి, ఇంకొకచోట ముద్దను కడుపునిండా తిని వచ్చాడని ఎవరి ముందు చెప్పుకోగలదు?

ఆ ఏడు జొన్న బాగా పండింది. కోతపండుగకు ముందు ఆదివారం గింజలు గుడికి చేరాయి. సంఘాన్ని నడిపే ఉపదేశి దావీదురాజు ఒక సాయంకాలం రాహేలమ్మ ఇంటికి వచ్చి, కూర్చోమంటే కూర్చోకుండా, గొంతు సవరించుకున్నాడు.

“పెద్దలు ఒక మాట అనుకుంటాండారు, రాహేలమ్మా. గుడిజొన్నలు ఈసారి ప్రేమమ్మ ఇంటికి పంపితే యెట్లుంటాది అని. రోట్లోనైనా దంచుకుంటాదంట.”

“తెడ్డు నా ఇంట్లో ఉండాది.”

“తెడ్డుతో ఇసురుతావా?”

“రాయి గూడా నాదే.”

“సగం,” అన్నాడు దావీదురాజు. అతను హాస్యమాడే మనిషి కాదు; ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

పందిట్లో తెడ్డు పట్టి నిలబడిన ప్రేమమ్మ, ఆకులు పరిచిన వరుసలో కూర్చుని ఆమె వడ్డనకు ఎదురుచూస్తున్న తాను, ఆ చిత్రం ఆమె కండ్లకు కట్టింది. దానికంటె ఏదైనా సహించవచ్చుననిపించింది.

“జొన్నలు ఈడికే పంపు. యెట్ల ఇసరాల్నో నేను చూసుకుంటా,” అన్నది.

చూసుకోవడానికి దారి ఒక్కటే ఉన్నది. ఉరుకుందమ్మ రాయి పరుల రాయి, గుడిజొన్నలకు పనికిరాదు. కొత్త కిందిరాయి చేసేవాళ్లు ఇంకా రాలేదు. రోట్లో దంచుదామంటే అది ప్రేమమ్మ దారి. అత్తవారి రాయి ఒకటే తన ఇంటి రాయి అనిపించుకోగలదు. అది తోడికోడలి ఇంటి నేలలో పాతి ఉన్నది. పండుగకు ముందటి దినం, పట్టపగలు, రాహేలమ్మ నెత్తిన గుడ్డచుట్ట పెట్టుకుని, భర్త చేత పైరాయి ఎత్తించుకుని వీధిలోకి నడిచింది. వెనుక ఏసన్న జొన్నల మూట మోసుకుని వచ్చాడు. పొద్దు వాలేదాకా ఆగి పోవచ్చు కదా అని అతను అన్నాడు. దొంగతనంగా పోయినట్టుంటుందని ఆమె ఒప్పుకోలేదు. ఈ మాటకు మాత్రం ఆమెను కొంత మెచ్చుకోవచ్చు.

ఉరుకుందమ్మ వాకిట్లోనుంచి పలకరించింది. “యాడికి పోతాండావు మే, రాయి నెత్తిన పెట్టుకోని? పుట్టింటికా?”

“నీ ఇంటికి కాదులే,” అని మెడ తిప్పకుండా సాగిపోయింది.

ప్రేమమ్మ చేట చేతపట్టి గుమ్మంలో ఉన్నది. “రా అక్కా,” అన్నది. అంతే. లోపలికి పోయి కిందిరాతిమీది వక్కాకు సామాను తీసి, తడిగుడ్డతో రాయి తుడిచింది. ఎందుకు వచ్చావని గాని, ఇన్నాళ్లకు వచ్చావేమని గాని అడగలేదు. దారిపొడుగునా రాహేలమ్మ సిద్ధం చేసుకున్న జవాబులకు ప్రశ్నలు లేకపోయాయి. గిడ్డమ్మ ఒక్కతే ఆ కొరత కొంత తీర్చింది.

“పైరాయి నడిచి వచ్చిందే. కిందిదానికి కాళ్లు ల్యాకపాయె గాని, అదీ వచ్చుండును.”

రాయి మీద రాయి ఎక్కింది. రాహేలమ్మ ఎప్పుడూ కూర్చునే చోట కూర్చోలేదు. గింజలు పోసే వైపు, చేట పక్కన కూర్చుంది. గుడిజొన్నలు తన బాధ్యత. వాటిని ప్రేమమ్మ చేతికి ఎందుకు వదలాలి? ప్రేమమ్మ మారుమాట లేకుండా ఎదుటికి పోయింది. ఇద్దరూ పిడి పట్టారు. ఉరుకుందమ్మ ఇంట్లో అలవాటైనట్టే రాహేలమ్మ గుప్పెడు నిండా గింజలు రాతినోట్లో పోసి తిప్పింది, మళ్లీ గుప్పెడు నిండా పోసింది. రాయి ఒకవైపు లేచి, ఒకవైపు కొట్టుకుంటూ తిరిగింది. అంచునుంచి పగిలీ పగలని గింజలు రాలాయి.

గోడకు ఆనుకుని కూర్చున్న గిడ్డమ్మ వక్క నమలడం ఆపింది.

“ఆ రాయి యెందుకట్ల దగ్గుతాండాది? యెవురు మే పోసేది?”

“నేనే, అత్తా.”

“నువ్వు యెప్పుడు పోసినావు మే? ఇన్నేండ్లూ తిప్పింది నువ్వు. పోసింది నేను. నా కండ్లు పోయినాక ఆ పిల్ల.”

ముసలామె ఇది నిందగా అనలేదు; వానకు ముందు గాలి ఎటు వీస్తున్నదో చెప్పినట్టు చెప్పింది. కాని రాహేలమ్మ చేతిలోని పిడి ఆగింది. తన బలం చూసి మొదటినాడే అత్త తనను తిప్పే వైపు కూర్చోబెట్టింది. తానెన్నడూ ఇటువైపు కూర్చోలేదు. తిప్పే చెయ్యికి గర్వం ఉంటుంది, చెమట పడుతుంది కాబట్టి. పోసే చెయ్యిని ఎవరూ చూడరు. అది కొన్ని గింజలే పోసి, రాయి వాటిని నమిలి ముగించేదాకా ఆగి, మళ్లీ కొన్నే పోస్తుంది. తన సంగటి అని ఊరు మెచ్చినదానిలో అంతకాలమూ ఇంకొక చెయ్యి ఉన్నది. బియ్యపునూక దాచిందేమో అని కుండలో వెతికింది. దాచినది ఏదీ లేదు. రోజూ తన కండ్లయెదుటనే, తన మోకాలికి ఆనుకునే, అది జరిగింది.

ఈ సంగతి తెలిసినందువల్ల ఆమెకు ప్రేమమ్మ మీద ప్రేమ పుట్టిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. పుట్టలేదు. అంతకు మునుపు ఒక ముద్ద గురించి ఉన్న అసూయ, ఇప్పుడు గడిచిన ఏండ్లన్నింటి మీదికీ పాకింది. అయినా ఆమె లేచి నిలబడింది.

“ఇట్ల రా. గింజలు నువ్వు పొయ్యి.”

చోట్లు మార్చుకున్నారు. రాయి దగ్గు తగ్గి, తేనెటీగల జుమ్మంటి మోత పట్టింది. అంచునుంచి పిండి సన్నగా, వెచ్చగా జారింది. మధ్యాహ్నం తిరిగేదాకా ఇద్దరూ విసురుతూనే ఉన్నారు. గిడ్డమ్మ మాత్రం ఆ మోతకు కునుకు తీసింది.

మరునాడు గుడి పందిట్లో రాహేలమ్మ తెడ్డు పట్టింది. ఎసరు, నూక, పిండికుప్ప, మగ్గే సేపు, అన్నీ ఆమెవే. ప్రేమమ్మ రెండు కర్రలతో కుండ మూతిని బిగబట్టింది. కెలకడంలో రాహేలమ్మకు సాటివచ్చేవాళ్లు ఆ చుట్టుపట్ల లేరనే చెప్పాలి. భుజం వాలకుండా, లయ తప్పకుండా, అడుగునుంచి పైకి, పైనుంచి అడుగుకు తిప్పింది. ఒక్క ఉండ కట్టలేదు. తడిచేతులతో ముద్దలు చేసి ఆకుల్లో పెడుతూ పోయింది. ప్రేమమ్మ వెనుకనే అలసందపప్పు, చెనిక్కాయల కారం వడ్డించుకుంటూ వచ్చింది. ఏసన్న తన ముద్దను ముగించి, రెండవది అడిగాడు. రాహేలమ్మ అది పెట్టేటప్పుడు అతని ముఖం చూడలేదు, చేతివేళ్లను చూసింది.

దావీదురాజు చేయి కడుక్కుని వచ్చి, వరుసలన్నీ వినేటట్టు అన్నాడు. “రాహేలమ్మా, నీ చేతి సంగటి మళ్లా తిన్యాం. శానా సంతోషం.”

ఆడవాళ్లు ఆమె వైపు చూశారు. ఏడాది పొడవునా ఆమె కాచుకునే చూపు అదే. ఆమె ప్రేమమ్మ వైపు చూసింది. ప్రేమమ్మ పప్పుచట్టి ఒడిలో పెట్టుకుని, అడుగున మిగిలినదాన్ని గరిటెతో గీకుతున్నది. ఆ పిల్ల ఒక్క మాట అంటే చాలు, ఆ చూపులన్నీ ఆమె వైపు తిరుగుతాయి. అనదు. ఎప్పటికీ అనదు. రేపు కూడా ‘రా అక్కా’ అంటుంది. తనకు దక్కిన మెప్పు ప్రేమమ్మ నోరు మూసుకుని ఇచ్చిన దానమైపోతుంది. సంగటిలో ఒకసారి ఓడింది. ఇప్పుడు మంచితనంలో కూడా ఆ బక్కపిల్ల చేతిలో ఓడాలా? రాహేలమ్మకు అది తట్టుకోరాకపోయింది. నిజం చెప్పడానికి మనుషులకు మంచి కారణాలే ఉండాలని లేదు.

“పోసింది ప్రేమమ్మ,” అన్నది గట్టిగా. “మెత్తగా ఉండాదంటే అది పిండి. పిండి ఆ పిల్లది.”

దావీదురాజు తడబడి, “అట్లయితే ఇద్దరిదీ అనుకుందాం,” అన్నాడు.

“ఇద్దరిదీ కాదప్పా. పిండి ఆమెది. సంగటి నాది.”

ఎవరో నవ్వారు. నవ్వు వరుసలన్నిటికీ పాకింది. ఎంత దిగివచ్చినా పైనే ఉండాలనే మనిషని, ఆ నవ్వులోనే ఆమెకు పైరాయి అన్న పేరు పడింది. ప్రేమమ్మ మొదటిసారి తలెత్తి తోడికోడలిని నేరుగా చూసింది. “ఆ మాట నిజమే,” అని మళ్లీ చట్టి గీకసాగింది.

ఎండలు ముదిరి, రాళ్లకు గంట్లు కొట్టేవాళ్లు ఊళ్లోకి వచ్చినప్పుడు, కిందిరాయి చేయించమంటావా అని ఏసన్న భార్యను అడిగాడు. ఉన్న రెండింటికీ గంట్లు కొట్టిస్తే చాలన్నది. పైరాయి ఆమె వాకిటికి తిరిగి రాలేదు. ఇండ్లు మాత్రం రెండుగానే ఉన్నాయి, పొయ్యిలూ రెండే. వారంలో కొన్ని పొద్దులు ఆమె జొన్నల మూట ఎత్తుకుని తోడికోడలి ఇంటికి పోయేది. తిప్పే వైపు కూర్చునేది. పోసే చెయ్యిని అంత దగ్గరనుంచి చూసి చూసి, తన ఇంట్లో ఒంటరిగా రోట్లో గింజలు పోసి దంచేటప్పుడు అలాగే కొన్నే పోయాలని ప్రయత్నించేది. మూడవ గుప్పిటికే చేయి నిండిపోయేది.

గిడ్డమ్మ పోయిన చాలా ఏండ్లకు, రెండవ యుద్ధం నడుస్తుండగా, కోయిలకుంట్లలో పిండి మిషను పెట్టారు. ఊళ్లో ఒక్కొక్క ఇంటివాళ్లే గంపలు ఎత్తుకుని అటు పోవడం మొదలైంది. ప్రేమమ్మకు కూడా భుజాలు నొప్పి పుట్టే వయసు వచ్చింది. ఈసారి మనమూ మిషనుకే పంపుదామా అక్కా అని అడిగింది. రాహేలమ్మ మిషనును ఒకసారి పోయి చూసి వచ్చింది. మనిషి గంపను ఎత్తి గింజలన్నిటినీ ఒకేసారి దాని నోట్లో కుమ్మరించడం చూసింది.

“దానికి పోసే చెయ్యి యాడుండాది?” అన్నది.

ప్రేమమ్మ గురించి ఆమె నోట వచ్చిన మెప్పు, పందిట్లో అన్నది పోగా, ఇదొక్కటే. ప్రేమమ్మకు అర్థమైందో లేదో తెలియదు. చేట తెచ్చుకుని తన చోట కూర్చుంది. రాహేలమ్మ పైరాయిని ఎప్పటిలా తానే రెండు చేతులా ఎత్తి, కొంగుతో దాని నోరు తుడిచి, కిందిరాతిమీద దించింది. ఆ రాయిని ఇంకొకరు ఎత్తడానికి ఆమె చివరిదాకా ఒప్పుకోలేదు.